వాడిపట్టి రైలింజను

కరెంటు పొయ్యింది. పోవాల్సిన వేళకే పొయ్యింది, దాన్ని తిట్టేదానికి లేదు. చిత్తిరై నెల ఎండలు మొదలైనప్పటి నుంచి దినమూ మధ్యాన్నం తిరిగేసరికి పోతానే ఉంది. కానీ ఇంకొక్క అతుకు, ఒక్కటే ఒక్క అతుకు మిగిలుండగా పోవాల్నా అని వెంకటసామి చేతిలో చల్లబడుతున్న సోల్డరింగు కడ్డీని చూసి పళ్ళు కొరుక్కున్నాడు. తల మీద ఫ్యాను బద్ధకంగా తిరిగి తిరిగి నిలిచింది. గోడకవతల మిల్లు రొద కూడా నిలిచింది. మిల్లు లైను ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఆ రొద వినపడదు, అది ఆగినప్పుడే తలెత్తి చూస్తారు. వెంకటసామి సూలూరు పక్కన బావి కింది చేను దున్నుకునే ఇంట్లో పుట్టినవాడే, అయినా బావి ఎండి, చేను అమ్మి, మిల్లులో ఎలక్ట్రీషియనుగా చేరి ఇన్నేండ్లయినాక ఆయనకూ అంతే అయ్యింది. రొద ఆగగానే తలెత్తినాడు. ఎదురుగా గోడకు బిడ్డ ఫోటో ఉంది. తల దించుకున్నాడు.

ముందర పరిచిన పాత పేపరు మీద బొమ్మ రైలింజను పొట్ట విప్పుకుని పడుంది. జానెడు కూడా లేదు, ఎర్రటి ఇంజను, లోపల చిన్న మోటారు, మోటారు నెత్తిన బిస్కత్తంత బోర్డు. ఆ బోర్డు మీద రెండు డయోడులు, ఒక కండెన్సరు, వెంట్రుకల మాదిరి తీగలు. ఇంజను ముందుకు పోతే ముందు దీపం, వెనక్కు వస్తే వెనక దీపం వెలిగేది ఆ డయోడుల వల్లనే. మిల్లులో ఏనుగుపిల్లలంత మోటారులకు తీగ చుట్టే చేతులు ఈ బిస్కత్తు ముందర తడబడుతున్నాయి, ఏమి చెప్పేది. కాకకు తీగల మీది తొడుగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని ఉండినాయి. వాటిని విడదీసి, మాడిన డయోడును పెరికేసి, ఒప్పణక్కార వీధిలో రేడియోలు బాగుచేసేవాడి దగ్గర తెచ్చిన డయోడును దాని చోట పెట్టి, కండెన్సరు మార్చి, చక్రాలకు అంటుకున్న ప్లాస్టిక్కును బ్లేడుతో చెక్కి, పొద్దున్నుంచి వంచిన మెడ ఎత్తకుండా ఇంతదాకా వచ్చినాడు. పెండ్లాం సౌందరం పూలకూ బట్టకూ టౌనుకు పొయ్యింది. దీపాల వేళకు ముందే వచ్చేస్తుంది. ఆమె గడప తొక్కేసరికి ఇది నడవాల. నడిచే తీరాల. ఇది ఇంజను కోసం కాదు, సౌందరం కోసం, ఆ మనిషి ఏడాదిగా తలలో పూవు పెట్టింది లేదు, నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడింది లేదు, అంతా ఈ కరిగిపోయిన ప్లాస్టిక్కు వల్లనే, తన చేతులారా పోగొట్టినానే అనే దిగులు వల్లనే. ఇది నడిస్తే ఆ దిగులు పోతుంది. కరెంటు లేకపోతే లేకపోయింది, అటక మీద పాత రాగి కడ్డీ ఉంది కదా, కుంపట్లో కాల్చి అతుకు పెట్టే కడ్డీ, కరెంటు కడ్డీలు రాకముందు అందరూ దాంతోనే కదా పని చేసింది. లేచినాడు. కుంపట్లో బొగ్గులేసి, విసనకర్ర తీసుకుని కూచున్నాడు.

బొగ్గు అంటుకోవాలంటే ఓపిక కావాల. కడ్డీ కాగేదానికి అంతకంటే ఓపిక కావాల. ఓపిక బిడ్డ తిరుమలకు ఉండేది కాదు. నాయనా అయ్యిందా, నాయనా అయ్యిందా, మోకాలి మీద గడ్డం ఆనించి, నోట్లో జడ కొస పెట్టుకుని నమిలేది. ఏ పని చేస్తున్నా వచ్చి ముందర కూచునేది, ఆడపిల్లకు వంటిల్లు లేదా అని వాళ్ళవ్వ అరుస్తానే ఉండేది. తిరుమలమ్మాళ్ అని ఆ అవ్వ పేరే పెట్టినారు బిడ్డకు. పెట్టకుంటే ఊరుకునే మనిషా అమ్మ. నా పేరు పెట్టకపోతే ఆ బిడ్డను నా ఒళ్ళో పెట్టొద్దు అనింది. పెట్టినారు. సౌందరం కష్టం ఎవరికి పట్టింది? అత్త పేరు కోడలు పలకరాదు. కన్నబిడ్డకు అత్త పేరు, ఇంగ ఏమని పిలిచేది? అమ్మిణీ అని పిలిచింది. పుట్టినప్పటి నుంచీ అమ్మిణే. అమ్మిణీ అన్నం తిను, అమ్మిణీ జడ వేస్తాను రా. ఈ పక్క ప్రతి ఇంట్లోనూ ఒక అమ్మిణి ఉంటుంది కాబట్టి వీధిలో నిలబడి కేక పెడితే నలుగురు తిరిగి చూసేవాళ్ళు. తిరుమల మాత్రం అమ్మ గొంతును బట్టి పరిగెత్తి వచ్చేది. పెద్దాసుపత్రిలో కూడా అంతే అయ్యింది. మెదడుకెక్కిన జ్వరంతో బిడ్డ కళ్ళు తెరవకుండా ఉంటే, తాను మందు కోసం వీధికి పొయ్యినప్పుడు, నర్సమ్మ వచ్చి పేరేమని అడిగిందంట. సౌందరం నోరు తెరిచి, మూసి, వాకిలి వైపు చూసి, తాను రాలేదని అమ్మిణి అని చెప్పేసిందంట. మంచం తల దగ్గర పలక మీద అమ్మిణి అనే రాసినారు. ఆ పలక కిందనే బిడ్డ పొయ్యింది. ఆ పొద్దు కూడా, ఒళ్ళో వేసుకుని ఏడ్చినప్పుడు కూడా, అమ్మిణీ అమ్మిణీ అనే ఏడ్చింది. పక్క మంచాల వాళ్ళు ఆ బిడ్డ పేరు అదే అనుకున్నారు.

విసనకర్ర చేతిలో నిలిచిపొయ్యింది. బొగ్గు పొగ పెట్టింది. మళ్ళీ విసిరినాడు. ఈ పొగకూ పక్కన డబ్బీలో ఉన్న, అతుకుకు పూసే గుగ్గిలం వాసనకూ కళ్ళు మండుతున్నాయి, అంతే, ఇంకేమీ లేదు. జర్మనీ దొర చుట్ట వాసన ఇంకో రకంగా ఉండేది. మిల్లులో నూలు వడికే కొత్త రింగుఫ్రేములు నిలబెట్టేదానికి వచ్చినాడు ఆ దొర, ఇడ్లీ తప్ప ఇంకేదీ సహించేది కాదు ఆ మనిషికి. తిరుమల దినమూ నాయనకు అన్నం తూక్కు క్యారియరులో పెట్టుకుని గేటు దగ్గరికి తెచ్చేది. దొర జేబులోంచి తన బిడ్డ ఫోటో తీసి దీనికి చూపించేవాడు, వాళ్ళిద్దరికీ ఏ భాషలో ఏమి అర్థమయ్యేదో, గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు. పొయ్యేటప్పుడు ఈ రైలిచ్చి పొయ్యినాడు. గుండ్రంగా అతికే పట్టాల కడ్డీలు, రెండు పెట్టెలు, ఇంజను, కరెంటు తగ్గించి ఇచ్చే డబ్బా. నాయనా, దీన్లో మనిషి లేడే, ఎవరు నడిపేది? కరెంటు. కరెంటు యాడుండాది? కడ్డీలో ఉండాది. యాడ, కనపడలేదే? ఆ మాట అని ఊరుకోలేదు, వంగి కడ్డీల మీద నాలుక పెట్టేసింది, చురుక్కుమని ఎగిరిపడి, పులుపుగా ఉండాది నాయనా అని నవ్వింది. పులుపంట కరెంటు. వెంకటసామి ఒక్కడే కుంపటి ముందర నవ్వినాడు, నవ్వి, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు వాకిలి వైపు చూసినాడు.

బిడ్డ ఆటలో రుబ్బురోలు పళని స్టేషను. తలుపు మూల దిండుక్కల్. మంచం కాలి దగ్గర వాడిపట్టి. వాడిపట్టి సౌందరం పుట్టినూరు, బిడ్డకు వేసవి సెలవులంటే వాడిపట్టే. పెట్టెల్లో మిల్లు దూది నింపి, మదురైకి దూది పోతాంది జరగండి జరగండి అని రైలు విడిచేది. మంచం కాలి దగ్గరికి ఇంజను రాగానే, యామ్మా చెప్పు, చెప్పు అని కేకలు. సౌందరం వంటింట్లోంచే చెప్పాల. వాడిపట్టి వచ్చింది, దిగేవాళ్ళంతా దిగండి అని. చెప్పకపోతే బండి అక్కడే నిలబెట్టేసేది. దోసె మాడుతున్నా సరే చెప్పాల్సిందే. సౌందరానికి ఆ మాట చెప్పేటప్పుడు గొంతు ఎట్లా ఉండేదో, వాడిపట్టి అనేదాన్ని ఎంత సాగదీసేదో. తరువాత ఎప్పుడైనా ఆమె నోట ఆ ఊరి పేరు విన్నానా అని వెతుక్కున్నాడు. ఊరికి పోతాను అంటుంది, అమ్మగారింటికి అంటుంది. ఊరి పేరు మాత్రం అనదు.

పెండ్లి కాకుండా పోయిన ఆడపిల్ల ఇంటికి కన్నెసామి అవుతుందని ఆ పక్క నమ్మకం. ఏడాదికొకసారి, పోయిన దినాన, కొత్త పావడా, గాజులు, పూలు, బిడ్డకు ఇష్టమైన తిండి దీపం ముందర పెట్టి పేరు పెట్టి పిలవాల. పిలిస్తేనే వస్తుంది. వచ్చి తీసుకుంటుంది. మొదటి ఏడు అమ్మ పిలిచింది, తిరుమలా, రావే నా పేరుదానా అని, ఇల్లు అదిరిపొయ్యేటట్టు. మరుసటి ఏటికి ఆ అమ్మ కూడా లేదు. పిలవాల్సింది వెంకటసామి. నోరు తెరిచినాడు, ఆ నాలుగక్షరాలు బయటికి రాలేదు. అప్పుడు తోచింది ఈ రైలు. కడ్డీలు పరిచి, డబ్బా తిప్పి వదిలినాడు. రైలు చప్పుడు వింటే రాకుండా ఉంటుందా బిడ్డ? ఆ ఏటి నుంచి పిలుపు అదే. రుబ్బురోలు, తలుపు మూల, మంచం కాలు, ఒక్క చుట్టు. సౌందరం వంటింటి గడప మీద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది. ఇంజను మంచం కాలి దగ్గరికి వచ్చేసరికి పెరట్లోకి పొయ్యి ఉన్న గిన్నెలే మళ్ళీ తోమేది. సంతోషం పట్టలేక అనుకున్నాడు. ఆమె కోసమే కదా పెడుతున్నాను అనుకున్నాడు.

పోయినేడు ఈ దినానే, కడ్డీలు పరుస్తుంటే, సౌందరం దీపాల మూలలోంచి ఇంజనును గుడ్డలో చుట్టుకుని తెచ్చింది. "దీపం పక్కన పీట మీద పెట్టినా. మరచి పొయ్యినా. కాకకు కరిగిపొయ్యింది." అంతే చెప్పింది. దాని పక్కనే పావడా పెట్టి, దీపానికి నూనె పోసి, వంటింట్లోకి పొయ్యిందంట. పోతే పోనీలే అన్నాడు గానీ ఆయన మొహం ఆమె చూసింది. ఆ గుడ్డ మూట ఏడాదంతా అటక మీదనే ఉంది. విప్పితే బిడ్డ ఇంకోమారు పోతుందని భయం, మరేమీ కాదు. అదే పొద్దు సౌందరం వేళ్ళు బొబ్బలెక్కి ఉండినాయి. పెనం అంటుకుంది అనింది. తానే వెన్న పూసినాడు, ఒక్కొక్క వేలికీ, ఊదుతూ.

కడ్డీ ఎర్రబడుతోంది. ఇంకొంచెం కాగాల. చెయ్యి ఊరికే ఉండక పేపరు మీద పడిన చెత్తను ఒకచోటికి చేర్చింది. తీగ ముక్కలు, పాత డయోడు, పొద్దున చక్రాల కింద నుంచి బ్లేడుతో చెక్కి పారేసిన ప్లాస్టిక్కు పూసలు. ఎర్రటి పూసలు, వాన వెలిసినాక చూరుకు వేలాడే నీటి చుక్కల మాదిరి, పైన సన్నంగా, కింద ఉబ్బుగా. ఒకటి వేళ్ళ మధ్య పెట్టుకుని తిప్పినాడు. పొద్దున చెక్కేటప్పుడు ఏమీ అనిపించలేదు, చక్రాలు తిరగాల, అంతే ధ్యాస. ఇప్పుడు చెయ్యి నిలిచింది. ఇవి చక్రాల కింద వేలాడుతూ ఉండినాయి. చక్రాల కింద. పీట మీద నిలబెట్టిన ఇంజనుకు చక్రాల కింద చుక్కలు ఎట్లా వేలాడతాయి? పక్కనుంచి దీపం కాక తగిలితే పక్క కరగాల, పక్క గోడ నున్నగా ఉంది, కిటికీల మీది తెల్ల గీత కూడా చెక్కుచెదరలేదు. కరిగింది అడుగు. అడుగున మసి. నూనె దీపం మసి, మోటారు లోపలిదాకా ఎక్కిన మసి. పక్కనే పెట్టిన పావడాకు ఒక్క మరక లేదు, అది పెట్టెలో మడిచి అట్లే ఉంది, తానే చూసినాడు. ఇంజనును ఎవరో దీపం మీద పట్టుకున్నారు. పట్టుకుని, కరిగి చుక్కలు కారేదాకా, కాక వేళ్ళకెక్కేదాకా, వదలకుండా పట్టుకున్నారు. ఎవరో ఏమిటి, ఇంట్లో ఉండేది ఇద్దరే.

ఒళ్ళు మండిపొయ్యింది. ఎంత మాట, ఎంత పని, బిడ్డ చేతులు తిరిగిన వస్తువు, దానికంటూ మిగిలింది ఇదొక్కటే, దీన్ని దీపం మీద పెట్టేదానికి చేతులెట్లా వచ్చినాయే నీకు, తల్లివేనా నువ్వు, అంతా చేసి ఏడాది పొడుగునా దిగులు మొహం పెట్టుకుని నన్ను ఏమార్చినావా, ఆ మొహం చూడలేకనే కదా నేనిట్లా మెడలు విరగ్గొట్టుకున్నది. విసనకర్రను గోడకేసి కొట్టినాడు. రానీ, గడప తొక్కనీ, ఈ పూసలు చేతిలో పోసి ఇదేమిటే అని అడుగుతాను. ఏమి చెబుతుంది? ఏమి చెబుతుంది సౌందరం? గిన్నెలు గుర్తొచ్చినాయి. తోమినవే మళ్ళీ తోమిన గిన్నెలు. ఒక ఏడు, ఈ దినానికి ముందర, ఆ రైలు పెట్టాల్నా ఏమండి అని మెల్లగా అడిగింది. పెట్టకుంటే ఎట్లా అన్నాడు, తల కూడా తిప్పకుండా. ఇంజను మంచం కాలి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఒక మాట చెప్పాల్సి ఉండేది, ఆ మాట అడిగేదానికి బిడ్డ లేదు, చెప్పేదానికి ఆమెకు నోరు రాదు, తానేమో ఏటేటా పరిచి పరిచి, తిప్పి తిప్పి, వాడిపట్టికి తెచ్చి నిలబెడుతున్నాడు. ఆ మాట చెప్పమని ఏటేటా ఆమెను గడప మీద నిలబెట్టినాడు. బొబ్బలెక్కిన వేళ్ళు గుర్తొచ్చినాయి. వెన్న పూస్తుంటే ఏడ్చింది. మంట అనుకున్నాడు.

ఇంకొకటి కూడా ఉంది. పావడా. బిడ్డ పొయ్యినప్పటి కొలతకే కుట్టిస్తుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. పోయిన వారం పక్కింటి పాంచాలి, బట్టలు కుట్టే ఆమె, చెప్పింది కదా, నవ్వుతూనే చెప్పింది, "అన్నా, వదిన ఏటేటా మా పాపకే కొలత పెట్టించి కుట్టించుకుంటాది. ఇద్దరూ ఒక ఈడే కదా. మా పాప సమర్తాడింది కాబట్టి ఈయేటికి పావడా వొద్దు, దావణి కొంటానని పొయ్యింది." విన్నాడు, తలూపినాడు, చెవిలో పడింది గానీ మనసులో పడలేదు. ఇప్పుడు పడింది. సౌందరం బిడ్డ పెరుగుతోంది. ఏటికి ఇంత పొడుగు సాగుతోంది, జడ దిగుతోంది, పావడా మీద దావణి వేసుకునే ఈడుకు వచ్చింది. తాను మాత్రం ఆ పిల్లను పట్టుకుని, కూచో ఇక్కడే కూచో, ఎనిమిదేండ్లకే కూచో, రైలాడుకో అంటున్నాడు. రాత్రంతా తల్లి పెంచుకున్న బిడ్డను తెల్లారి తండ్రి చిన్నది చేస్తుంటే, ఆమె ఏమి చేసేది? అడిగి చూసింది. తర్వాత దీపం మీద పట్టుకుంది.

కడ్డీ కాగింది. కొస మీద గుగ్గిలం పొగ లేచింది. ఇంగ ఈ అతుకు ఎందుకు అనుకుంటూనే పెట్టినాడు, సగం పని వదిలే చెయ్యి కాదు అది. తీగ అతుక్కుంది. ఊదినాడు. టార్చిలైటులోంచి బ్యాటరీలు తీసి, వరసగా కట్టి, రెండు తీగలు చక్రాలకు తాకించినాడు. గుర్రుమనింది. అరచేతిలో చక్రాలు తిరిగినాయి, ముందు దీపం వెలిగింది, ఇంజను చేతిలోంచి పోవాలని లాగింది. అదే చప్పుడు. నాయనా అయ్యిందా. అయ్యింది బిడ్డా, అయ్యింది తల్లీ. ఎంతసేపు అట్లా పట్టుకుని ఉండినాడో ఆయనకే తెలీదు. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడయ్యింది. తీగలు విడిచినాడు. పూసలు గుప్పెట్లోకి తీసుకుని కుంపట్లో వేసినాడు, అవి చిటపటమని మండినాయి. ఇంజనుకు మూత పెట్టి పాత గుడ్డలో చుట్టినాడు.

సౌందరం వచ్చింది. చంకలో గుడ్డ సంచి, చేతిలో పూల పొట్లం. చెమట తుడుచుకోకుండా గుడ్డ మూట వైపే చూసింది.

"నడిచిందా ఏమండి?"

ఆ గొంతులో ఉన్నది ఆశ కాదు. ఇన్నేండ్లు కాపురం చేసి ఇప్పటికి వినపడింది.

"లేదు. లోపల బోర్డే పొయ్యింది. ఇంగ అది నడవదు."

ఆమె గోడకు వీపు ఆనించి మెల్లగా కిందికి జారి కూచుంది. సంచి ఒళ్ళోనే ఉంది. పూల పొట్లం పక్కన పెట్టి అనింది, "నేనే కదండీ..."

"దీపం కాక," అన్నాడు వెంకటసామి. "దాని ముందర ప్లాస్టిక్కు ఎంత. కాపీ కలపనా?"

ఆమె తలూపింది. తరువాత కొంగుతో మొహమంతా తుడుచుకుని ఏడ్చింది, గట్టిగా, దాచుకోకుండా. ఆయన కాపీ కలిపి తెచ్చి పక్కన పెట్టి, తానూ పక్కన కూచున్నాడు.

పొద్దు వాలింది. దీపాల మూలలో ఫోటో దించి పెట్టి, సౌందరం సంచిలోంచి దావణి తీసింది. ఆకుపచ్చ దావణి, పసుపు అంచు. మడత విప్పి, చూపించి, "పొడుగు సరిపోతుంది కదా?" అనింది. సరిపోతుందన్నాడు. గాజులు పెట్టింది, పూలు పెట్టింది, బిడ్డకు ఇష్టమైన చింతపండు పులిబోరు పెట్టింది. దీపం వెలిగించింది. ఇంగ పిలవాల. కడ్డీలు పరవలేదు, రైలు లేదు, ఇంట్లో చప్పుడే లేదు. వెంకటసామి గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచినాడు. ఆ నాలుగక్షరాలు ఈసారీ రాలేదు.

"తిరుమలా," అనింది సౌందరం.

ఆయన తిరిగి చూసినాడు. ఆమె దీపం వైపే చూస్తోంది.

"తిరుమలా, రామ్మా. వాడిపట్టి వచ్చింది, దిగు."

గోడకవతల మిల్లు ఉన్నట్టుండి రొద పెట్టింది. తల మీద ఫ్యాను కదిలింది, దీపం ఒక పక్కకు వాలింది. సౌందరం రెండు చేతులూ అడ్డం పెట్టింది. వెంకటసామి లేచి పొయ్యి ఫ్యాను ఆపి, వచ్చి ఆమె పక్కన కూచున్నాడు.

"ఇంకోమారు పిలువు," అన్నాడు.